కుంట పక్కన లేఅవుట్: ఎఫ్‌టీఎల్ (కుంట పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) గీత సరిచేయించుకోవడం ఎలా?

రంగారెడ్డి జిల్లాలో మాకు 3 ఎకరాల 10 గుంటల పట్టా భూమి ఉంది. తూర్పు గట్టుకు ఆనుకుని 5 ఎకరాల కుంట. లేఅవుట్‌కి దరఖాస్తు పెడితే నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెమ్మని ఫైలు వెనక్కి పంపారు.

10 హెక్టార్లలోపు కుంట కాబట్టి 2012 నాటి జీవో 168 ప్రకారం బఫర్ (కుంట హద్దు నుంచి కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా) 9 మీటర్లు. దాంతో పేచీ లేదు, వదిలేస్తాం. గొడవంతా ఎఫ్‌టీఎల్ గీతతోనే. ప్రైవేటు సర్వేయర్ కొలిస్తే మా గట్టుకు 14 మీటర్ల అవతల పడింది. ఆన్‌లైన్ మ్యాపులో మాత్రం 6 మీటర్లు మా పొలంలోకే వచ్చింది! ఆ మ్యాపు ఇంకా ప్రాథమిక నోటిఫికేషన్ దశలోనే ఉంది, తుది నోటిఫికేషన్ కాలేదు.

గ్రామ నక్షా (ఊరి సర్వే పటం), టిపన్ (సర్వే నంబరు కొలతల పటం) జతచేసి రెండు ఆఫీసుల్లో అర్జీలిచ్చాం. నాలుగు నెలలుగా ఒకరి మీద ఒకరు చెప్తున్నారు.

జాయింట్ సర్వేతో (సంబంధిత శాఖలు కలిసి చేసే సర్వే) ఇలా గీత సరిచేయించుకున్నవాళ్లు మొదటి అర్జీ ఏ అధికారికి ఇచ్చారు?