‘పసిగట్టు’ను కొట్టేసి ‘గుర్తించు’ అని పెట్టాలా?

నెల్లూరు నుంచి: పిల్లల కోసం చేపల మీద వ్యాసం రాశాను. ‘చిన్న చేపలు వేటచేపను పసిగడతాయి’ అని రాస్తే, సరిచూసినాయన అది పల్లెటూరి మాటని కొట్టేసి ‘గుర్తిస్తాయి’ అని దిద్దారు. నాకు మింగుడుపడలేదు. పాత నిఘంటువుల్లో ‘పసి’కి వాసన అనే అర్థం ఉంది. పసిగట్టడమంటే వాసన పట్టి కనిపెట్టడం. వానలప్పుడు మన చెరువుల్లో మూరెడు లోతున ఏముందో కనపడదు. అక్కడ చేపకు కళ్లకన్నా ముక్కే పనికొస్తుంది. ఈ మాటకు ఇంతకన్నా సరైన చోటుందా?

ఒంగోలు నుంచి: అన్నా, ఆ మాట ఉంచండి. కానీ ‘దెబ్బతిన్న చేప తోటి చేపలకు హెచ్చరిక పంపుతుంది’ అని మీ వ్యాసంలో అన్నారే, పేచీ అక్కడుంది. అది పంపేది కాదు. మిన్నో అనే చిన్న చేపల్లో, తోటివాటిని బెదరగొట్టే పదార్థం గురించి 1938లో కార్ల్ వాన్ ఫ్రిష్ రాశాడు (తేనెటీగల నాట్యం విప్పి చెప్పినాయనే, 1973లో నోబెల్ వచ్చింది). ఆ పదార్థం చర్మంలోని కొన్ని కణాల్లో ఉంటుంది, వాటికి బయటికి దారి లేదు. పన్ను దిగి చర్మం చిరిగితేనే నీళ్లలో కలుస్తుంది. అది తగలగానే మిగతావి గుంపు కట్టి అడుగుకు దిగుతాయి, లేదా కదలకుండా ఉండిపోతాయి. మన రోహు, బొచ్చె, జెల్ల కూడా ఇలాంటి కణాలుండే పెద్ద వర్గానివే. కొరమీను కాదు. ‘హెచ్చరిక’ తీసేసి ‘భయపువాసన’ అనండి.

కావలి నుంచి: వేటచేపను పుట్టుకతోనే పసిగడతాయా సార్?

ఒంగోలు నుంచి: అన్నీ కాదమ్మా. పైక్ అనే వేటచేప ఎరగని మిన్నోలు దాని వాసనకు బెదరవు. ఆ వాసనా, చిరిగిన చర్మం వాసనా ఒక్కసారి కలిసి తగిలితే చాలు, తర్వాత పైక్ వాసన ఒక్కటే వచ్చినా హడలిపోతాయి. ఇంకో తమాషా, పైక్ అంతకుముందు మిన్నోలను తిని ఉంటే ఆ తిండి వాసనే దాన్ని పట్టిస్తుంది.

ఆత్మకూరు నుంచి: మరి ముక్కే లేని డాఫ్నియా అనే నీటి పురుగుకు? దాన్ని తినే కేయోబోరస్ (దోమలాంటి ఈగ) లార్వా వాసన నీళ్లలో ఉంటే, మింగుడుపడకుండా డాఫ్నియా పిల్లలకు మెడ మీద ముళ్లు మొలుస్తాయి. అదీ పసిగట్టడమేనా?

నెల్లూరు నుంచి: నేనైతే అదే వాడతాను. ‘పోలీసులు పసిగట్టారు’ అని పేపర్లో రోజూ రాయడం లేదా, అక్కడ వాసనెక్కడిది! ఒంగోలు అన్న చెప్పినట్టు ‘హెచ్చరిక’ తీసేస్తున్నా. ‘భయపువాసన’ మాత్రం వద్దు, భయం ఆ వాసన పీల్చిన చేపది కదా. చర్మం చిరిగితేనే వస్తుంది కాబట్టి ‘చిరుగువాసన’ అని పెడుతున్నా.