ఏలీ కొడుకులు: పాపం కొంకిదా, కొవ్వుదా?

బెరయవాసి:
షిలోహు మందిరంలో యాజకుడు ఏలీ. ఆయన కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు కూడా యాజకులే. వాళ్లు చేసిన పాపం అనగానే ప్రసంగాల్లో అందరూ ఎత్తేది మూడు ముండ్ల కొంకినే, అంటే బలిమాంసం ఉడికే కుండలో గుచ్చి, పైకి వచ్చినదంతా యాజకుడికి తీసుకున్న కొంకి. అది దొంగతనం కాదంటాను. 1 సమూయేలు 2:13లో హీబ్రూ మాట "మిష్పాత్" (ఆచారం, హక్కు). ద్వితీయోపదేశకాండం 18:3లో యాజకులకు చెల్లాల్సిన భాగానికీ ఇదే మాట. కొంకి వాడుక. పాపం మొదలైంది 15వ వచనంలో, కొవ్వు దహించకముందే పచ్చిమాంసం అడిగినప్పుడు.

లేవీయుణ్ణికాను:
వాడుక అనేస్తే సరిపోదండీ. సమాధానబలి వరుస చూడండి. పశువు తలమీద చెయ్యి ఉంచి వధించాలి, రక్తం బలిపీఠం చుట్టూ ప్రోక్షించాలి, ఆంత్రాల కొవ్వు, రెండు మూత్రగ్రంథులు, కాలేజం మీది వప (కొవ్వు పొర) కాల్చాలి. ఆ తర్వాతే పంపకం. లేవీయకాండం 7:31-34 ప్రకారం యాజకుడికి బోర (రొమ్ము), కుడి జబ్బ. మిగతాది తెచ్చినవాడి ఇంటిల్లిపాదికీ. కుండలో ఉడుకుతున్నది వాళ్ల వాటా. అందులో కొంకి గుచ్చడం దొంగతనమే.

బెరయవాసి:
ద్వితీ 18:3లో బోర ఏదీ? జబ్బ, రెండు దవడలు, పొట్ట. వాటా అన్నిచోట్లా ఒకటే కాదు. పైగా 2:16లో బలి తెచ్చినవాడు ఏమన్నాడు? ముందు కొవ్వు కాలనియ్యి, తర్వాత నీ ఇష్టం వచ్చినంత తీసుకో అన్నాడు. మాంసం మీద అతనికే పేచీ లేదు, మీకెందుకు?

చిన్నమంద:
మామూలు మనిషికి ధర్మశాస్త్రం తెలుసు, యాజకుడికే తెలీదు 🙂

సాలోమి:
ఇందులో రహస్యం ఏముంది బ్రదర్? జనమంతా చెప్పుకుంటున్నారని ఏలీయే అంటాడు, 2:23.

లేవీయుణ్ణికాను:
అందుకే పెద్ద ముద్దాయి ఏలీ. 2:29లో దేవుడు ఏలీకి పంపిన మాటలో "మిమ్మును" క్రొవ్వబెట్టుకున్నారని ఉంది, బహువచనం. ఆయనా తిన్నాడు. 4:18లో స్థూలదేహి అని ఊరికే రాయలేదు.

బెరయవాసి:
98 ఏళ్లు, చూపు లేదు. అయినా మందలించాడుగా! ఏలీ తర్వాత ఇశ్రాయేలుకు న్యాయాధిపతి అయిన సమూయేలు కొడుకులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో లంచాలు తిన్నారు. ఏలీకి పడినట్టు సమూయేలుకు శిక్ష పడిందా?

లేవీయుణ్ణికాను:
అక్కడ పెద్దలు రామాకు వచ్చి సమూయేలు మొహం మీదే చెప్పారు. ఏలీ మందలించి, మళ్లీ బలిపీఠం దగ్గరే ఉంచాడు. లేవీ 21లో అంగలోపం ఉన్న యాజకుడు అర్పించకూడదు, తినొచ్చు. అంటే తిండి పెట్టి సేవ ఆపే దారి ధర్మశాస్త్రంలోనే ఉంది. ఆ పని చెయ్యలేదు.

బెరయవాసి:
ఇలా ప్రతి విశ్వాసీ తీర్పరి అయితే సంఘం నిలుస్తుందా? అభిషిక్తుల్ని ముట్టవద్దని కీర్తన 105:15 చెప్తోంది. మీ నోటికి హద్దు లేదు.

లేవీయుణ్ణికాను:
ఇదీ సంగతి. మీ బాధ కొంకి గురించి కాదన్నమాట! ఆ కీర్తనలో అభిషిక్తులు అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. ఆ మాట విన్నది పరాయి రాజులు. మన వేదికల మీదేమో కానుకల లెక్క అడిగినవాడి నోరు నొక్కడానికి వాడుతున్నారు. 1 తిమోతి 5:20, పాపం చేసేవాళ్లని అందరి ఎదుట గద్దించమంది.

బెరయవాసి:
19 వదిలేసి 20 చదవకండి. ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలి. వాట్సాప్ ఫార్వర్డ్ సాక్షి కాదు.

లేవీయుణ్ణికాను:
ఒప్పుకున్నా. సాక్షులు వచ్చాక ఎవరికి చెప్పుకోవాలి? కమిటీకి పెద్ద పాస్టరే అయితే?

సాలోమి:
దీనికి జవాబు చెప్పండి బ్రదర్.

బెరయవాసి:
దానికి వేరే చర్చ పెట్టండి. కొంకి మాత్రం దొంగతనం కాదు.