పీటీబీడీ ట్యూబ్ బ్యాగ్‌లో రక్తం వస్తోంది, సోమవారం ఓపీ దాకా ఆగొచ్చా?

ప్రశ్న – నెల్లూరు అబ్బాయి
మా నాన్నగారికి పిత్తనాళం పైభాగంలో గడ్డ అడ్డుపడి కామెర్లు బాగా పెరిగిపోతే కిందటి వారం పీటీబీడీ (అడ్డుపడ్డ పైత్యరసాన్ని ట్యూబ్‌తో బయటికి తీయడం) చేశారు. పక్కటెముకల సందులోంచి లివర్‌లోకి ట్యూబ్ వేసి బయట బ్యాగ్ తగిలించారు. మొదట్లో కొంచెం గులాబీ రంగులో వచ్చింది, మామూలేనన్నారు, తర్వాత పసుపుపచ్చగానే వచ్చింది. నిన్న రాత్రి నుంచి ఎర్రగా వస్తోంది, మధ్యమధ్యలో రక్తపు గడ్డలు కూడా. గుండెలో స్టెంట్ ఉంది, ఆపిన క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్ర) మళ్లీ మొదలుపెట్టారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు – ఐఆర్ (ఇంటర్వెన్షనల్ రేడియాలజీ) డాక్టర్
ఆగకండి, ఇప్పుడే బయల్దేరండి. మొదటి ఒకటి రెండు రోజులు లేత ఎరుపు ఉండి తగ్గిపోతే భయం లేదు. శుభ్రపడ్డాక మళ్లీ ఎర్రటి రక్తం వచ్చిందంటే మాత్రం కారణం వెతకాల్సిందే. ట్యూబ్ కాస్త బయటికి జారి, దాని పక్క రంధ్రాలు లివర్‌లోని సిర దగ్గరికి వచ్చి ఉండొచ్చు, అలాంటప్పుడు ట్యూబ్‌ని సరిచేసినా, ఇంకాస్త లావుది మార్చినా చాలాసార్లు ఆగిపోతుంది. ధమని గోడ దెబ్బతిని చిన్న బుడగలా ఉబ్బితే (సూడో ఎన్యూరిజం అంటాం) అది కొన్ని రోజులకో వారాలకో కూడా పగలొచ్చు, దానికి యాంజియో (రక్తనాళాల్లోకి రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) చేసి, సన్నటి లోహపు చుట్టల్లాంటి కాయిల్స్‌తో మూసేస్తాం. లివర్‌కి పోర్టల్ సిర నుంచి కూడా రక్తం అందుతుంది కాబట్టి ఆ చిన్న కొమ్మ మూసినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. ట్యూబ్‌ని మీరు లాగొద్దు, గడ్డలు పోవాలని గట్టిగా సెలైన్ కొట్టొద్దు. యాంజియో సౌకర్యం ఉన్న ఆసుపత్రికే వెళ్లండి.

జవాబు – సరళ
డాక్టర్ గారు చెప్పిందే చేయండి తమ్ముడూ. మా అమ్మకి బ్యాగ్‌లో పెద్దగా ఏమీ కనపడలేదు, మలం నల్లగా తారులా వచ్చింది, కళ్లు తిరిగాయి, అప్పుడుగానీ లోపల రక్తం పోతోందని తెలియలేదు. మొదటి యాంజియోలో ఏమీ దొరకలేదు కూడా, ట్యూబే ఆ చోటుని అదిమి పెట్టి ఉందట, వైరు మాత్రం లోపల ఉంచి ట్యూబ్ తీసి మళ్లీ చూస్తే అప్పుడు బయటపడింది. బ్యాగ్ ఫొటో తీసుకోండి, మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి.

నెల్లూరు అబ్బాయి
థాంక్స్ అక్కా, థాంక్స్ డాక్టర్ గారూ. కారులో ఉన్నాం. ఈరోజు క్లోపిడోగ్రెల్ వేయాలా?

ఐఆర్ డాక్టర్
ఇంకా వేయకపోతే క్యాజువాలిటీకి చేరేదాకా ఆగండి. స్టెంట్ ఎప్పుడు వేశారో ముందే చెప్పండి, కార్డియాలజిస్ట్‌తో మాట్లాడి వాళ్లే తేలుస్తారు, మీ అంతట మీరు పూర్తిగా మానేయకండి, స్టెంట్ మూసుకుపోతే అదీ ప్రాణం మీదికే వస్తుంది. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్స్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే పరీక్ష) వెంటనే చూడమనండి. పైత్యరసం పేగులోకి దిగనప్పుడు విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, ఐఎన్ఆర్ ఎక్కువుంటే ఆ ఇంజెక్షన్ ఇస్తారు. బ్లడ్ గ్రూప్ రిపోర్ట్ ఉంటే చేతిలో పెట్టుకోండి. చలిజ్వరం వచ్చినా, దారిలో చెమటలు పట్టి నీరసించిపోయినా 108కి ఫోన్ చేయండి.