టీఎల్‌ఈ మూలకాలతో లెక్కిస్తే ఉపగ్రహం ఎందుకు ముందుకు పోతోంది?

ప్రశ్న:
అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రపు టీఎల్‌ఈ (ఉపగ్రహ కక్ష్య వివరాలను రెండు వరుసల అంకెల్లో ఇచ్చే పట్టిక)లోని కక్ష్యా మూలకాల (కక్ష్య పరిమాణం, ఆకారం, దిశలను తెలిపే సంఖ్యల) నుంచి స్థానాన్ని, వేగాన్ని రాబట్టి, భూమధ్యరేఖ దగ్గరి ఉబ్బును లెక్కలోకి తెచ్చే జె2 పదాన్ని కూడా చేర్చి, కాలాన్ని చిన్న అడుగులుగా విడగొట్టి లెక్కించే రంగ్-కుట్టా పద్ధతిలో ఒక రోజు ముందుకు గణించాను. టీఎల్‌ఈలతో వాడే ప్రామాణిక గణన నమూనా ఎస్‌జీపీ4 ఇచ్చిన స్థానంతో పోలిస్తే నా ఉపగ్రహం వందల కిలోమీటర్లు ముందుంది. కాలాంతరాన్ని ఎంత తగ్గించినా తేడా తగ్గలేదు. 1970లో రూపొందిన ఎస్‌జీపీ4 విశ్లేషణాత్మక సూత్రాల ముందు నా గణన ఇంతగా తప్పడానికి కారణమేమిటి?

మొదటి జవాబు:
మీ గణన పద్ధతిలో దోషం లేదండి, ప్రారంభ విలువల్లోనే ఉంది. టీఎల్‌ఈలో ఉండేవి ఆ క్షణపు మూలకాలు కావు. ప్రతి ప్రదక్షిణలోనూ జె2 కలిగించే హెచ్చుతగ్గులను ఒక నిర్దిష్ట సిద్ధాంతం ప్రకారం తీసివేయగా మిగిలిన సగటు మూలకాలు. ఆ హెచ్చుతగ్గులను తిరిగి చేర్చడం ఎస్‌జీపీ4కే తెలుసు. 51.6 డిగ్రీల వాలు, సుమారు 6,790 కి.మీ. అర్ధ దీర్ఘాక్షం (దీర్ఘవృత్తపు పొడవాటి వ్యాసంలో సగం) ఉన్న ఈ కక్ష్యలో, ఆ క్షణపు అర్ధ దీర్ఘాక్షం సగటుకు అటూ ఇటూ దాదాపు 6 కి.మీ. ఊగుతుంది, భూమధ్యరేఖను దాటేటప్పుడు అది గరిష్ఠం. అక్కడ సగటు విలువతో మొదలుపెడితే కక్ష్య 6 కి.మీ. చిన్నదై, ప్రదక్షిణ త్వరగా పూర్తయి, ఉపగ్రహం ప్రతి ప్రదక్షిణకూ సుమారు 56 కి.మీ. ముందుకు జరుగుతుంది. రోజుకు 15కు పైగా ప్రదక్షిణలు! టీఎల్‌ఈ కాలానికే ఎస్‌జీపీ4ను నడిపి, అది ఇచ్చిన స్థాన వేగాలతో మొదలుపెట్టండి.

రెండవ జవాబు:
ఈ సగటు మూలకాల పునాది 1959లో ఒకే పత్రికా సంచికలో వచ్చిన ఖగోళ శాస్త్రవేత్తలు బ్రౌవర్, కొజాయ్‌ల పరిశోధనల్లో ఉంది. నాకు బ్రౌవర్ పరిష్కారం అమితంగా ఇష్టం, ఎందుకంటే ఏ పదం కక్ష్యా తలాన్ని తిప్పుతుందో, ఏది కేవలం ఊగిస్తుందో అందులో విడివిడిగా కనబడుతుంది. అయితే 63.4 డిగ్రీల వాలు దగ్గర దానిలోని ఒక హారం సున్నా అవుతుంది, కాబట్టి అక్కడ సూత్రం పనిచేయదు. గాలి నిరోధం అందులో లేదు. తరువాత చేర్చిన నిరోధ సూత్రాలు కూడా రాబోయే సౌర తుఫానును ఊహించలేవు. 2022 ఫిబ్రవరిలో అటువంటి తుఫాను వల్ల పై వాతావరణం చిక్కబడి, అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 కూలిపోయాయి.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పినట్టే మార్చాను. రోజు చివర తేడా 20 కి.మీ. లోపుకు వచ్చింది. ఇక గాలి నిరోధాన్ని చేర్చి చూస్తాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.