నగదా, కార్డా: ఎప్పుడు ఏది తీస్తారు, ఎందుకు?

జేబులెక్క: ఒకే మనిషి ఒకచోట నోట్లు ఇస్తాడు, ఇంకోచోట కార్డు ఇస్తాడు. బిల్లును బట్టా, వయసును బట్టా, అలవాటా? మీ అనుభవం రాయండి.

నోట్లమనిషి: నాకు ఖర్చు అదుపే ముఖ్యం. నెల మొదట్లోనే డబ్బు కవర్లలో పెట్టేస్తా. కవరు ఖాళీ అయితే ఖర్చు బంద్. కార్డు ఉంటే ఎవరికైనా చేయి జారుతుంది.

కార్డుపక్షం: "ఎవరికైనా" అని ఎలా అంటారండీ? స్టేట్‌మెంట్‌లో ప్రతి ఖర్చూ కనిపిస్తుంది. నోట్లు ఎటు పోయాయో ఎవరు రాసిపెడతారు? నాకు అదుపు వచ్చిందే కార్డుతో.

నోట్లమనిషి: 2001లో ప్రెలెక్, సిమెస్టర్ అనే పరిశోధకులు మ్యాచ్ టికెట్లకు వేలం పెట్టారు. కార్డుతో కట్టాల్సినవాళ్లు నగదు కట్టాల్సినవాళ్లకంటే చాలా ఎక్కువ పాడారు. దీనికేమంటారు?

కార్డుపక్షం: అది వేలంపాట. రోజువారీ కొనుగోళ్లకు దాన్ని అంటగడతారా? పైగా అక్కడ వాడింది క్రెడిట్ కార్డు, డబ్బు తర్వాత కట్టేది. డెబిట్ కార్డుతో ఖాతాలోంచే పోతుంది. రెండూ ఒకటే అనకండి.

నోట్లమనిషి: చదవకుండానే కొట్టిపారేస్తే ఇక చర్చ దేనికి?

కౌంటర్‌మనిషి: ఇద్దరూ ఆగండి. నేను బిల్లింగ్ పనిలోనే ఉన్నా, రోజూ చూసేది చెప్తా. చిన్న బిల్లుకు నోట్లు, పెద్ద బిల్లుకు కార్డు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు 2024 సర్వేలోనూ ఇదే తేలింది: యూరో దేశాల్లో కౌంటర్ దగ్గర జరిగే చెల్లింపుల్లో 52 శాతం నగదు, విలువలో చూస్తే 39 శాతమే. ఇంకొకటి, పర్సులో నోట్లు నిండుగా ఉంటే చాలామంది ముందు అవే వదిలించుకుంటారు.

చిన్నవ్యాపారి: మా సంగతి ఎవరూ ఎత్తరేం? కార్డు గీసిన ప్రతిసారీ మాకు కోత పడుతుంది. శాతంతోపాటు ఒక స్థిర రుసుము కూడా ఉంటే చిన్న బిల్లులో లాభం దానికే పోతుంది. అందుకే నగదు అడుగుతాం. మీ ఇష్టం అనుకునేదాంట్లో సగం మా ఒత్తిడే.

కార్డుపక్షం: ఆ కోత మళ్లీ మా నెత్తినే వేస్తారుగా!

చిన్నవ్యాపారి: అన్నిచోట్లా కుదరదు. యూరోపియన్ యూనియన్‌లో మామూలు కార్డులకు అదనంగా వసూలు చేయడం 2018 నుంచి నిషేధం. అప్పుడు ఆ ఖర్చు ధరలో కలుస్తుంది, నగదు ఇచ్చేవాళ్లూ మోస్తారు. అది న్యాయమా?

గుట్టు: మందులకు నేను నగదే ఇస్తా. నా జబ్బు ఎవరి రికార్డులోనూ ఉండక్కర్లేదు.

తాకించు: పిన్ కొట్టకుండా తాకిస్తే అయిపోయే కార్డు వచ్చాక చిన్న బిల్లుకూ కార్డే వాడుతున్నా. చిల్లర టెన్షన్ లేదు.

నోట్లమనిషి: నెట్‌వర్క్ పోయి లైన్ మొత్తం నిలబడిపోయిన రోజు నా నోటే పనిచేసింది.

కార్డుపక్షం: ఏటీఎం కూడా ఆగిన రోజు మీ నోటు ఎక్కడ్నుంచి వస్తుంది?

నోట్లమనిషి: కవర్లోంచి.