ప్రోటోకాల్ అంతా పాటిస్తే మంచి నర్సు కాదా?

నర్సింగ్ విద్యార్థిని, భీమవరం:
బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. క్లాసులో అరిస్టాటిల్ చెప్పిన వ్యావహారిక వివేకం, అంటే ఏ పరిస్థితిలో ఏం చేయాలో తెలియడం, మీద పాఠం నడుస్తోంది. కుర్రాళ్లు లెక్కల్లో ఆరితేరవచ్చు గానీ ఈ వివేకం అనుభవం మీదే వస్తుందన్నాడట. అమెరికా నర్సింగ్ ప్రొఫెసర్ ప్యాట్రిషియా బెనర్ కూడా 1984లో నర్సు ఎదుగుదలను అయిదు దశలుగా చెప్పారు. పరీక్షలో రాసేస్తాను, అది వేరు. నా అనుమానం ఏంటంటే, ప్రోటోకాల్ తు.చ. తప్పకుండా పాటిస్తే సరిపోదా? నా గుణగణాలతో రోగికి పనేంటి?

స్టాఫ్ నర్సు, కోనసీమ:
చెల్లీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది చెప్తాను. సార్వా ఊడ్పుల రోజులు. తెల్లారుజామున ఒక లంక ఊరి నుంచి కూలి పనికెళ్లే ఆవిడను తీసుకొచ్చారు. కడుపునొప్పి, వాంతులు. రాత్రి నేల మీద చాప వేసుకుని పడుకుందట. కాటు గుర్తు ఎక్కడా లేదు. అయినా పాము అనుమానంతో గాజు ట్యూబులో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాం, గడ్డకట్టకపోతే పాము విషం ఎక్కినట్టు. శుభ్రంగా గడ్డకట్టింది. ఇంక గ్యాస్ నొప్పే అనుకున్నారు అందరూ.

మా హెడ్ సిస్టర్ గారు మాత్రం మంచం దగ్గర్నుంచి కదల్లేదు. రోగి మనల్ని చూడాలంటే గడ్డం పైకెత్తుతోంది. రెప్పలు సగానికి వాలిపోయాయి. "నిద్ర లేదండి, అంతే" అన్నాడు భర్త. సిస్టర్ గారు ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని ఎంతవరకు వస్తే అంతవరకు లెక్కపెట్టమన్నారు. కాసేపాగి మళ్లీ. రెండోసారికి తగ్గింది. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది, రెప్పలు వాలతాయి, ఊపిరి తగ్గుతుంది, కానీ రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. కాటు నొప్పి కూడా పెద్దగా ఉండదు.

ఇక్కడిదాకా తెలివి. డ్యూటీ డాక్టరు గారేమో పడుకున్నారు, లేపితే ఎగిరిపడే మనిషి. సిస్టర్ గారు ఫోన్ చేసి, తిట్లు తిని, "రెప్పలు వాలుతున్నాయి సార్, మీరొచ్చి చూడాలి" అని అదే మాట మళ్లీ అన్నారు. ఆయన వచ్చారు. విషానికి విరుగుడు మందు యాంటీ వీనం మొదలుపెట్టి, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగుతో నన్ను తోడిచ్చి కాకినాడ పంపారు. ఆవిడ బతికింది. తిట్లకు భయపడే మనిషికి ఆ రెప్పలు కనపడినా "నిద్రేలే" అని సర్దుకోవాలనిపిస్తుంది. గుణంతో పని అక్కడ.

బ్రదర్, రాజోలు:
నిజమే మేడమ్. కానీ వార్డు నిండిపోయి వరండాలో కూడా మంచాలు వేసిన రాత్రి, ఉన్నది ఒక్క సిస్టరే అయితే ఎవరి రెప్పలని చూస్తుంది? స్టాఫ్‌ని వెయ్యకుండా గుణం గురించి పాఠాలు చెబితే నాకు ఒళ్లు మండుతుంది.

స్టాఫ్ నర్సు, కోనసీమ:
మండాల్సిందే తమ్ముడూ. ఆ రాత్రి మాకు పేషెంట్లు తక్కువ, అది కలిసొచ్చింది.

నర్సింగ్ విద్యార్థిని, భీమవరం:
అక్కా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెడితే మామూలు అనుకోవాలి?

స్టాఫ్ నర్సు, కోనసీమ:
మనిషిని బట్టి మారుతుంది. రాగానే ఒకసారి లెక్కపెట్టించి టైముతో సహా కేస్ షీట్‌లో రాసిపెట్టు. తర్వాత దానికంటే తగ్గుతుంటే వెంటనే డాక్టరుకి చెప్పు. ఆయాసం కనపడేదాకా ఆగకు.