పిల్లల డబ్బులు నా బీరువాలో ఉండాయి, ఏం చేయమంటారు?

మాది కందుకూరు దగ్గర పల్లె, ఇంట్లోనే మిషన్ కుడతా. సాయంత్రాలు ఐదుగురు ఆడపిల్లలు నేర్చుకోడానికి వస్తారు, 14 నుంచి 16 ఏళ్ళోళ్ళు, ఫాల్స్, హుక్స్ పని చేస్తే ఆ డబ్బులు వాళ్ళకే ఇస్తా. ఇంటికి తీసకపోతే నాన్న తాగేస్తాడు, నీ దగ్గరే ఉంచక్కా అని ఒకమ్మాయి మొదలుపెట్టింది, ఇప్పుడు బీరువాలో పేర్లు రాసిన ఐదు డబ్బాలు, మొత్తం పదకొండు వేల పైనే. రేపు లెక్క తేడా వస్తే ఊళ్ళో మన పరువేం గాను అని మా ఆయన అన్నప్పట్నుంచి నాకు నిద్ర లేదు. సుకన్య ఖాతా తీయొచ్చా? ఊళ్ళో చీటీలేసే ఆయన నాకియ్యమ్మా అని వెంట పడతా ఉండాడు.

జవాబు 1 (పోస్టాఫీసులో చేసి రిటైర్ అయ్యా)
సుకన్య కుదరదమ్మా, పదేళ్ళ లోపే తెరవాలి. పదేళ్ళు దాటిన పిల్లలు పోస్టాఫీసులో వాళ్ళ పేరు మీదే సేవింగ్స్ ఖాతా తెరుచుకోవచ్చు, 500 ఉంటే చాలు, సంతకం పెట్టి తీసుకునేదీ వాళ్ళే, కాకపోతే ఆ 500 కదపకుండా ఉంచాలి. నెలనెలా కట్టే ఆర్డీ 100 నుంచి ఉంది గానీ ఐదేళ్ళది, ఎప్పుడు ఏ అవసరం వస్తుందో తెలియని పిల్లలకి ముందు అది వద్దు. చీటీ ఆయన ఊసే ఎత్తొద్దు.

జవాబు 2 (కావలి, డ్వాక్రా లీడర్ని)
తొంభైల మొదట్లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత మన నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి అని రోజుకో రూపాయి దాచారు గదా, మా అమ్మ కూడా అందులో ఉండేది, అప్పుడూ ఇదే బాధ, మొగుడి కంట పడకుండా యాడ దాచాలా అని. వాళ్ళకి పనికొచ్చింది పుస్తకం. ఒక్కో పిల్లకి ఒక నోటుబుక్కు కొనివ్వు, అంకెలు పిల్లే రాయాల, పక్కన నీ సంతకం. ఖాతా అయ్యేదాకా డబ్బాలు లెక్కేసేప్పుడు ఇంకో ఆడమనిషిని కూచోబెట్టుకో, నీ మంచికే చెప్తున్నా.

జవాబు 3 (ఒంగోలు)
అందరూ ఖాతా ఖాతా అంటున్నారు, ఫోన్ నంబర్ ఎవరిదిస్తారో ఎవరూ అడగలేదు. నాకు 15 ఏళ్ళప్పుడు ఖాతా తీశారు, మా నాన్న నంబర్ ఇచ్చారు, మొదటి మెసేజ్ వచ్చిన రోజే తెలిసిపోయింది, ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయలేను. కాబట్టి నంబర్ ఎవరిది, పాస్‌బుక్ యాడ ఉండాలి, ఇంట్లో ఎవరికి తెలిస్తే పర్లేదు, ఈ మూడూ పిల్లని విడిగా అడగండి, ఐదుగురికీ ఒకటే జవాబు రాదు. కొందరికి తల్లికి చెప్పడమే క్షేమం, కొందరికి కాదు.

అడిగినామె
అందరికీ థాంక్స్. నిన్న ఒక్కొక్కళ్ళనే అడిగా. ముగ్గురు అమ్మకి చెప్తామన్నారు, సోమవారం పోస్టాఫీసుకి పోతున్నాం. ఒకమ్మాయి వాళ్ళ అవ్వ బటన్ ఫోన్ నంబర్ ఇద్దామంది, ఆ ఫోన్ ఇంకెవరూ ముట్టుకోరంట. ఐదో అమ్మాయి ఖాతా మాట ఎత్తగానే ఏడ్చింది, టెన్త్ అయ్యాక పెళ్ళి చేస్తారంట, ఇంకా 16 కూడా నిండలేదు. దీనికి ఎవరికి చెప్పాలి?

జవాబు 3
1098కి ఫోన్ చేయండి, పిల్లల హెల్ప్‌లైనే, డబ్బులు పడవు. ఎవరు చేశారో బయటికి రానీయొద్దని ముందే చెప్పండి. ఆ అమ్మాయి డబ్బా మాత్రం ఇంకొన్నాళ్ళు మీ దగ్గరే ఉండనీండి, అడిగిన రోజు అడిగినంత చేతిలో పెట్టేలా.